అడగ్గానే ఇచ్చిన బ్యాంకు

చిరంజీవి పెద్దబ్బాయికి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ నేనూ, నీ భార్యా, మన ఇంటి పైకప్పూ క్షేమం. పైకప్పును ఎందుకు కలిపానంటే, మొన్నటి వానలకు అది కూడా మంచం పట్టేలా ఉంటే మేస్త్రిని పిలిపించి వైద్యం చేయించాం. నువ్వు నీ ఓడలో, నీ ఇంజన్ల మోత మధ్య, వేళకింత తింటూ క్షేమంగా ఉన్నావని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. రేవులో ఆగినప్పుడల్లా ఫోను చేస్తూనే ఉన్నాడు కదా, మళ్లీ ఈ ఉత్తరాలెందుకని కోడలు నవ్వింది. ఫోనులో నువ్వు 'ఎలా ఉన్నావమ్మా' అంటావు, నేను 'బాగున్నాన్రా' అంటాను, అక్కడితో కబుర్లయిపోతాయి. ఉత్తరమైతే నాకు తోచినంత సేపు మాట్లాడుకోవచ్చు. మధ్యలో నువ్వు ఆవులించినా నాకు వినబడదు.

మోకాలు సంగతి అడిగావు. మెట్లెక్కేటప్పుడు తిడుతుంది, దిగేటప్పుడు ఊరుకుంటుంది. మందు మానలేదు. పాత కుట్టుమిషను అమ్మేశావా అని అడిగావు. అమ్మలేదు, అమ్మను. దాని మీద బట్టలు ఆరేసుకుంటున్నాం.

ఇక అసలు ప్రశ్నలు రెండు. కొత్త బ్యాంకులో వడ్డీ ఎక్కువట, నీ డబ్బు అటు మార్చుకోకూడదా అన్నావు. పోయినసారి ఫోనులో నీ భార్య గొంతు నీరసంగా ఉంది, ఏమైందమ్మా అన్నావు. ఈ రెండింటికీ కలిపి ఒకటే జవాబు. కాస్త పొడుగు. స్థిమితంగా కూర్చుని చదువు.

కొత్త బ్యాంకు వచ్చిన మాట నిజమే. కోడలు మేనేజరుగా ఉన్న బ్యాంకుకు సరిగ్గా ఎదురుగా పెట్టారు. అందరూ దాన్ని అద్దాల బ్యాంకు అంటున్నారు. లోపల చల్లగాలి, మునిగిపోయేంత మెత్తటి సోఫాలు, ఖాతా తెరిస్తే ఒక గొడుగు. వడ్డీ కూడా ఎక్కువే. అబద్ధమెందుకు, నేనూ వెళ్లి చూసొచ్చాను. ఆ సోఫాలోంచి నన్ను లేపడానికి ఇద్దరు కావలసి వచ్చారు. కోడలి బ్యాంకులో ఏముంది? తిరిగేటప్పుడు మూలిగే ఫ్యాన్లు, రంగు పోయిన బల్లలు. అయినా మన చుట్టుపక్కల వీధుల్లో సగం మంది డబ్బు అక్కడే ఉంది. ఇదేం వింతే అని ఒకసారి కోడల్నే అడిగాను.

"వడ్డీ చూసి వచ్చినవాళ్లు ఇంకోచోట వడ్డీ చూసి వెళ్లిపోతారత్తయ్యా," అంది. "అయినా వడ్డీ పెంచడం నా చేతిలో లేదు, పైవాళ్లు చూసుకుంటారు. నా చేతిలో ఉన్నది తలుపొక్కటే. ఎవరికి ఎప్పుడు తెరిచి ఉండాలో, లోపలికొచ్చాక ఎలా మాట్లాడాలో, అంతవరకే."

అప్పట్లో నాకది పెద్ద గొప్పగా అనిపించలేదు. తర్వాత గమనించాను. లాండ్రీలో పనిచేసే ఆడవాళ్లకు మధ్యాహ్నం భోజనాల వేళ తప్ప తీరిక ఉండదు. సరిగ్గా అప్పుడే కౌంటర్లు మూసేవాళ్లు. ఇప్పుడు బ్యాంకులో ఉద్యోగులు వంతులవారీగా తింటారు, ఒక కిటికీ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. మన ఇస్త్రీ ఆవిడ ఖాతాలో ఎంతుందో గుమాస్తా పైకి చదివితే పక్కన నిలబడ్డ మొగుడి చెవిన పడుతుంది. పడితే సాయంత్రానికి ఆ డబ్బు సీసాలోకి దిగుతుంది. అందుకని ఎవరి లెక్కనూ పైకి చదవకూడదు, చీటీ మీద రాసి చూపించాలి అని కోడలు నియమం పెట్టింది. ఈ సంగతి ఇస్త్రీ ఆవిడే నాకు చెప్పింది. ఆవిడ చెప్పిందని ఇంకా ఎంతమంది ఆడవాళ్లు అక్కడ ఖాతాలు తెరిచారో!

మరి ఇంట్లో నేనేమనేదాన్ని? "ఊరందరి డబ్బుకూ కాపలా కాస్తావు, పొయ్యి మీద పాలకు మాత్రం కాయవు," అనేదాన్ని. కోడలికి బుద్ధి చెప్పి అత్త తెడ్డు నాకిందని ఊరికే అన్నారా!

ఇక జరిగింది విను. ఎక్కడో వేరే ఊళ్లో ఒక ఫైనాన్స్ కంపెనీ జనం డబ్బు పట్టుకుని తలుపులు మూసేసింది. దాని పేరులోనూ కోడలి బ్యాంకు పేరులోనూ ఒక మాట కలిసింది. అంతకుమించి రెండింటికీ ఏ చుట్టరికమూ లేదు. కానీ పుకారు చుట్టరికాలు అడుగుతుందా? పొద్దున్నే పక్కింటి కంగారు పిన్ని గోడ మీదుగా కేకేసింది. ఆవిడ సంగతి నీకు తెలుసు, పాలు విరిగినా ప్రపంచం మునిగిందంటుంది. "వదినా! మీ కోడలి బ్యాంకు దివాలా తీసిందట! ఫోన్లన్నిటికీ వచ్చేసింది!" అంది. అప్పటికే కోడలు బయల్దేరి వెళ్లిపోయింది.

కాసేపటికి నేనూ బ్యాంకు దగ్గరున్నాను. ఎందుకున్నానో తర్వాత చెబుతాను. అక్కడ వరస మెట్లు దిగి, వీధి మలుపు తిరిగి, చెప్పుల షాపు దాకా పాకింది. సంచులు, పాస్‌పుస్తకాలు, చంకలో పిల్లలు. అందరి మొహాల్లోనూ ఒకటే రంగు. ఆస్పత్రిలో కుట్టుపని చేసిన అన్నేళ్లలో ఆ రంగు నేను ఆపరేషన్ గది బయట చూశాను.

కోడలు ఏం చేసిందో తెలుసా? వేళకంటే ముందే తలుపులు తెరిపించింది. వరసను ఎండలోంచి లోపలికి మళ్లించింది. పెద్దవాళ్లకు కుర్చీలు, అందరికీ మంచినీళ్లు పెట్టించింది. తన గదిలోంచి బల్ల హాల్లోకి మోయించి, అందరికీ కనబడేలా కౌంటర్ల పక్కనే కూర్చుంది. నలగని చీర, చెరగని జుట్టు. 'మీ డబ్బు భద్రంగా ఉంది' అని ఉపన్యాసం ఇస్తుందేమో అనుకున్నాను. ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు. "ఎంత కావాలి? ఇక్కడ సంతకం పెట్టండి," అంతే.

మధ్యలో పైఆఫీసు నుంచి ఫోను వచ్చింది. అవతలాయన గొంతు పెద్దది, చుట్టూ ఉన్న మా అందరికీ వినబడింది.

"అమ్మా, నెమ్మదిగా ఇవ్వండి. కంప్యూటర్ ఆగిపోయిందనండి. విసుగొచ్చి సగం మంది వాళ్లే పోతారు."

"వద్దు సార్," అంది కోడలు. "నెమ్మదిగా ఇస్తే లేదనుకుంటారు. అడగ్గానే ఇస్తేనే ఉందనుకుంటారు. మీరు డబ్బు బండి త్వరగా పంపించండి."

"ఏదైనా తేడా వస్తే మీ ఉద్యోగానికి నేను పూచీ కాదు."

"పూచీ నాదే సార్," అని ఫోను పెట్టేసి, "తర్వాత ఎవరండీ?" అంది.

ఆ మాట ఒకరి నోటి నుంచి ఒకరి నోటికి వరస చివరిదాకా పాకింది. డబ్బు బండి వచ్చినప్పుడు క్యాషియరు, "పెట్టెలు ముందు తలుపులోంచి తెప్పిద్దాం మేడమ్, జనం కళ్లారా చూస్తారు," అన్నాడు. "ఎప్పుడూ వచ్చే వెనక దారినే రానివ్వండి. కొత్త దారి చూపిస్తే కొత్త అనుమానం పుడుతుంది," అంది.

చెప్పుల షాపు పెద్దాయన వచ్చాడు. ఆ బ్యాంకులో అందరికంటే ఎక్కువ డబ్బు ఆయనదే. వరసను చీల్చుకుని నేరుగా కోడలి బల్ల దగ్గరకొచ్చి, "నా డిపాజిట్లన్నీ ఇప్పుడే ఇచ్చెయ్," అన్నాడు.

"తప్పకుండా ఇస్తామండీ. కానీ మీకంటే ముందు వీళ్లంతా ఉన్నారు. ఆ చివర ఇస్త్రీ ఆవిడ ఉంది చూడండి, ఆవిడ వెనక నిలబడండి."

ఆయన మొహం ఎర్రబడింది. కోడలు ఇంకొకరి కాగితం అందుకుంది. ఆయన అటూ ఇటూ చూసి, వెళ్లి ఇస్త్రీ ఆవిడ వెనక నిలబడ్డాడు. ఆయన వంతు వచ్చినప్పుడు, "వచ్చే వారంతో గడువు తీరుతుంది, ఇప్పుడు తీస్తే వడ్డీలో కోత పడుతుంది. భయం తీరడానికి కొంత తీసుకుని మిగతాది ఉంచుతారా?" అని అడిగింది. ఆయన అంతా కావాలన్నాడు. అంతా ఇచ్చింది. కాపలా మనిషిని తోడిచ్చి కారు దాకా పంపించింది.

ఎదుటి అద్దాల బ్యాంకువాళ్లు ఊరుకుంటారా? టైలు కట్టుకున్న ఇద్దరిని మా వరస దగ్గరకే కాగితాలు పంచడానికి పంపారు. ఎండలో వాళ్లు చెమటలు కక్కుతుంటే, "పంచుకోండి బాబూ, కానీ నీడలోకొచ్చి పంచుకోండి," అని వాళ్లకూ నీళ్లిప్పించింది. ఒక ముసలాయన ఆ కాగితం చూపించి, "అమ్మా, ఇందులో వెయ్యనా?" అని ఈ అమ్మాయినే అడిగాడు. "అదీ మంచి బ్యాంకే తాతగారూ. వడ్డీ మాకంటే ఎక్కువే. ఆ రేటు ఎన్నాళ్లుంటుందో మాత్రం అడిగి వెయ్యండి," అంది. నేను నోరు తెరుచుకుని చూశాను. గొడుగు కంటే గట్టి సరుకు ఏదో ఈ పిల్ల దగ్గరుంది అనిపించింది.

ఇప్పుడు ఇంతసేపూ దాచిన మాట చెబుతాను. ఫోనులో చెబుదామంటే ఆ అమ్మాయి పక్కనే ఉంటుంది. నన్ను తిట్టాలనిపిస్తే ఉత్తరంలోనే తిట్టు.

నేను అక్కడికి తోడు వెళ్లలేదు నాన్నా. వరసలో నిలబడటానికి వెళ్లాను.

కంగారు పిన్ని మాట చెవిన పడగానే నాకు ముందు గుర్తొచ్చింది నా డబ్బే. మీ నాన్న పోయాక ఆస్పత్రిలో దుప్పట్లూ దిండు గలీబులూ కుట్టి కూడబెట్టుకున్న సొమ్ము. ఎవరి ముందూ చెయ్యి చాపకుండా పోవాలని దాచుకున్నది. కోడలికి ఫోను చేసి 'నిజమేనా' అని అడిగితే సరిపోయేది. అడగలేదు. అడిగితే వద్దంటుందని, బ్యాంకు మనిషి బ్యాంకు పక్షమే మాట్లాడుతుందని అనుకున్నాను. ఒకే కప్పు కింద ఇన్నేళ్లున్నాం, ఆ పిల్ల నాకు అబద్ధం చెప్పడం ఒక్కసారి కూడా ఎరగను. అయినా అలాగే అనుకున్నాను. పాస్‌పుస్తకం సంచిలో పడేసుకుని, కొంగు తల మీదకు లాక్కుని వెళ్లి నిలబడ్డాను.

కొంగు దాస్తుందా? కౌంటరు దగ్గరకు రాగానే వెనకనుంచి ఎవరో, "మేనేజరు అత్తగారే తీసుకుంటోంది చూడండి! ఇంటివాళ్లకు తెలియకుండా ఉంటుందా!" అని అరిచారు. వరస ఒక్కసారిగా ముందుకు తోసుకొచ్చింది. కుర్చీ ఒకటి పడింది. ఎవరో పిల్లాడు ఏడుపు లంకించుకున్నాడు. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. కోడలి ఉద్యోగం, పరువు, ఆ బ్యాంకు, అన్నీ నా చేతి సంచిలో వేసుకుని ముంచేశానని అర్థమైంది.

కోడలు లేచి నిలబడింది. నన్ను చూసింది. ఆ చూపులో కోపం లేదు. కోపమే ఉంటే బాగుండేది. తర్వాత జనం వైపు తిరిగింది.

"అవును, మా అత్తయ్యగారే," అంది. గొంతు పెంచలేదు. "ఆవిడ డబ్బు ఆవిడది. అడిగారు, ఇస్తున్నాం. మీరడిగినా ఇంతే. తోసుకోకండి, అందరికీ అందుతుంది."

క్యాషియరుతో, "అందరికీ ఇచ్చినట్టే ఇవ్వండి," అంది. డబ్బు నా సంచిలో పడ్డాక దగ్గరకొచ్చి, మెల్లగా, "సంచి గట్టిగా పట్టుకోండత్తయ్యా. బయట జనం ఎక్కువగా ఉన్నారు," అంది.

నన్ను ఆవిడ కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

సాయంత్రం ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, ఎప్పటిలాగే వడ్డించింది. నేను తిట్ల కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. తిట్టలేదు. చివరికి నేనే, "ఏదో ఒకటి అనవే," అన్నాను.

"ఏమనను అత్తయ్యా? మీ భయం తప్పు కాదు. ఆ డబ్బు వెనక ఎంత కుట్టుపనుందో నాకు తెలుసు." నా కంచంలో ఇంకాస్త పెరుగు వేసింది. "ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు కదా. ఇంట్లో మనిషికే నా మాట మీద గురి కుదర్చలేకపోయాను, ఊరికేం కుదురుస్తాను అనిపించింది. అంతే."

నీకు ఫోనులో నీరసంగా వినబడిన గొంతు ఆ రోజుదేరా. అలసట బ్యాంకు వల్ల కాదు, నా వల్ల.

మర్నాడు పొద్దున్నే సంచి తీసుకుని ఆవిడకంటే ముందు తయారై గుమ్మంలో నిలబడ్డాను. "పద. అందరూ చూస్తుండగా మళ్లీ వేసేస్తాను. నిన్న పోగొట్టిన పరువు నేనే తెస్తాను," అన్నాను. వద్దంది. "ఇవాళ మీరు వేస్తే మేనేజరు అత్తగారితో నాటకం ఆడించిందంటారు. జనం భయంతో వచ్చారు, వాళ్లకు తమాషా చూపించకూడదు. మీ డబ్బు మీరెప్పుడు ఎక్కడ వేసుకోవాలనిపిస్తే అక్కడ వేసుకోండి. ఎదురు బ్యాంకులో అయినా సరే. కానీ ఇవాళ నా కోసం వెయ్యకండి," అని చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

అప్పుడు నాకు ఇంట్లో నిలవబుద్ధి కాలేదు. సంచి లేకుండా వెళదామంటే ఇంట్లో దాన్ని ఎక్కడ పెట్టను? అసలు బాధ అక్కడే మొదలైంది. డబ్బు చేతికొచ్చిన దగ్గర్నుంచి నాకు దానితోనే కాపురం. వంటకు పోతే సంచి గట్టు మీద, స్నానానికి పోతే సంచి తలుపు కొక్కేనికి. పాలవాడు పిలిస్తే సంచి చంకలో పెట్టుకుని పాలు పోయించుకున్నాను. పిల్లి గిన్నె దొర్లిస్తే దొంగ అని కేకేశాను. చంటిపిల్లాడిగా నువ్వు కూడా నన్నింత సతాయించలేదు.

అదే సంచితో వెళ్లి వరస పక్కన ఆడవాళ్ల దగ్గర కూర్చున్నాను. వాళ్లు నన్ను గుర్తుపట్టారు. "నువ్వు తీసేసుకున్నావుగా పెద్దమ్మా, మళ్లీ ఎందుకొచ్చావు?" అన్నారు. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. తీసుకున్నాను, అడగ్గానే ఇచ్చారు, పైసా తగ్గలేదు అన్నాను. కోడల్ని అడక్కుండా వచ్చి సిగ్గుపడ్డానన్నాను. ఆ తర్వాత పాలవాడి కథా, స్నానాల గది కథా, పిల్లి కథా చెప్పాను. ముందు ఒకావిడ నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు. నవ్వితే భయం పట్టు సడలుతుంది కదా! ఒకావిడ, "మా ఇంట్లో తలుపుకు గడియే లేదు, నేనెక్కడ పెట్టుకుంటాను," అని పాస్‌పుస్తకం మళ్లీ జాకెట్లో దోపుకుని ఇంటికి పోయింది. ఆవిడ వెనకే ఇంకో ఇద్దరు. నేను ఎవరినీ పొమ్మనలేదు, ఉండమనలేదు. కోడలు బల్ల దగ్గర్నుంచి మా నవ్వుల వైపు ఒకసారి చూసి మళ్లీ పనిలో పడింది.

ఆ మర్నాటికి వరస మెట్ల మీదికి కుదించుకుపోయింది. ఆ తర్వాత వరసే లేదు. పైఆఫీసాయన ఫోను చేసి, "ఆ కంప్యూటర్ మాట నేననలేదనుకోండి," అన్నాడట. తర్వాతి వారం చెప్పుల షాపు పెద్దాయన డబ్బంతా వెనక్కి తెచ్చాడు. తీసినందుకు వడ్డీ పోయింది కదండీ, ఎదురుగా వేసుంటే ఎక్కువ వచ్చేది కదా అని క్యాషియరు అడిగితే, "నన్ను ఇస్త్రీ ఆమె వెనక నిలబెట్టింది చూడు, అప్పుడే తెలిసింది, ఇక్కడ పక్కదారిన ఎవరి డబ్బూ బయటికి పోదని," అన్నాడట. ఆయన వెంట కొత్తగా ఖాతాలు తెరవడానికి ఆ బజారులోవాళ్లు చాలామందే వచ్చారు.

ఊరంతా సద్దుమణిగాక, ఎవరూ చూడని ఒక మధ్యాహ్నం, నేను నా సంచి తీసుకుని వెళ్లాను. హాల్లో ఫ్యాన్లు మూలుగుతున్నాయి. కోడలే ఎదురొచ్చింది.

"ఎదుట వడ్డీ ఎక్కువత్తయ్యా. తెలిసే వేస్తున్నారా?"

"తెలిసే వేస్తున్నాను. గొడుగు నాకొకటుంది."

గుమాస్తా కాగితం నింపుతూ, నామినీ ఎవరు, అంటే మీ తర్వాత ఈ డబ్బు ఎవరికి చెందాలి అని అడిగాడు. పాతదాంట్లో నీ పేరే ఉండేది. ఇప్పుడు కోడలి పేరు చెప్పాను. నీకు చెప్పాల్సిన రెండో సంగతి ఇదే, అలగకు.

కోడలు, "అదేంటత్తయ్యా, ఆయన పేరు కదా ఉండాలి," అంది.

"వాడు కొడుకు. వాడిని నమ్మడంలో గొప్పేముంది?" అన్నాను.

గుమాస్తా కాగితం ఆవిడ ముందు పెట్టాడు సంతకానికి. ఆవిడ దాన్ని చేత్తో పక్కకు జరిపి, "నా పేరున్న కాగితం మీద నేను సంతకం పెట్టకూడదు. ఇంకో ఆఫీసరుగారితో పెట్టించండి," అంది. రూలు రూలే. కానీ ఆ మాట అనేసి అక్కడ నిలబడలేదు. గబగబా తన గదిలోకి వెళ్లి, గోడ వైపు తిరిగి, ఏదో ఫైలు వెతుకుతున్నట్టు చాలాసేపు నిలబడింది. అక్కడ ఫైలేమీ లేదు, నేను గది అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను.

ఇట్లు,
నీ భార్యకు అత్తయ్య,
ఆ తర్వాతే నీకు అమ్మ